టెస్టరు పిన్ని కరెంటు ఆవం

కొప్పు విడిపోకుండా ఎవరైనా పిన్ను గుచ్చుకుంటారు. చేతికి అందకపోతే పెన్సిలో పుల్లో గుచ్చుకుంటారు. ఆవిడ మాత్రం టెస్టరు గుచ్చుకునేది. వైరులో కరెంటు ఉందో లేదో చూడడానికి పనివాళ్ళు జేబులో పెట్టుకు తిరిగే పసుప్పచ్చ పిడి స్క్రూడ్రైవరు, అదే. వీధిలో నడిచిపోతుంటే వెనకనుంచి ఆ పిడి చిన్న కొమ్ములా కనిపించేది. మొదట ఎవరో వెక్కిరింపుగా టెస్టరు పిన్ని అన్నారు. వెక్కిరింపు పాతబడిపోయి పేరు మిగిలింది. చివరికి ఆవిడకన్నా వయసులో పెద్దవాళ్ళు కూడా పిన్ని అనే పిలిచేవారు. అసలు పేరు తెలిసినవాళ్ళు తమ్ముడూ మరదలూ తప్ప ఎవరూ మిగల్లేదు. వాళ్ళకూ దాంతో పనిలేదు, ఒకరికి అక్క, ఇంకొకరికి వదిన.

కుండలు చేసే ఇంట్లో పుట్టింది. ఆ ఇంట్లో మట్టి అందరిదీ, మంట ఒక్కడిది. మట్టి తవ్వి తేవడం, ఎండబెట్టి దంచడం, జల్లించడం, నానబెట్టి తొక్కడం, ముద్దలు పిసకడం, ఆరిన కుండను గులకరాయితో రుద్ది నునుపు చేయడం, ఇవన్నీ ఆడపిల్ల చేయవచ్చు. చేయవచ్చు అనడం మర్యాదకి, చేసి తీరాలి. కుండలు కాల్చే ఆవం దగ్గరికి వచ్చేసరికి మాత్రం "నువ్వు పక్కకు జరుగు" అనేవాడు తండ్రి. కుండలు పేర్చడం, కట్టెలు అంటించడం, కన్నంలోంచి మంట రంగు చూసి ఎప్పుడు ఏ కట్టె వేయాలో చెప్పడం ఆయన పని. ఆయన తర్వాత ఆయన కొడుకు పని.

కొడుకు అక్కకన్నా ఆరేళ్ళు చిన్న. తండ్రి వాణ్ణి ఆవం ముందు పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేవాడు. "ఒరేయ్, ఆవం ఒకసారి అంటించామంటే మధ్యలో చల్లారకూడదు. చల్లారిందా, లోపలున్నవన్నీ బీటలే. మంట నీరసపడినట్టు కనిపిస్తే సన్న కట్టె తీసి పారేసి లావు కట్టె పెట్టు. తెలిసిందా?" వాడు ఊ కొడుతూనే కునికిపాట్లు పడేవాడు. కట్టెలు మోసుకొచ్చి అందించే అక్క మాత్రం ఒక్క ముక్క పొల్లుపోకుండా వినేది.

ఒకసారి ధైర్యం చేసి అడిగింది, "నాన్నా, ఈసారి నేను కూర్చోనా?" అని.

"నీకెందుకే? నువ్వు ముద్దలు చూసుకో. ఇది నేను చూసుకుంటా" అన్నాడు తండ్రి.

కసిరినట్టు కూడా కాదు, కూతురికి కష్టం తగ్గిస్తున్నట్టే అన్నాడు. కసిరినా బాగుండేది. కసిరితే తిరగబడవచ్చు. ముద్దుగా పక్కకు జరిపేస్తే ఎవరి మీద తిరగబడాలి? ఆవిడ ముద్దలు చూసుకుంది.

పెళ్ళయింది. కాపురం పట్టుమని రెండేళ్ళు నిలవలేదు. ఎందుకని ఎవరైనా ఆరా తీస్తే "పడలేదు" అని ఒక్క ముక్కతో నోరు మూయించేది. తిరిగి వచ్చి అదే మట్టి తొక్కింది, అవే ముద్దలు పిసికింది. కాపురం పోయినందుకు ఆవిడ ఏడవగా చూసినవాళ్ళు లేరు. ఆవం ముందు కూర్చోవాలన్న కోరిక మాత్రం లోపల నిప్పులా రగులుతూనే ఉంది. మంట సంగతి చెబుతూ నిప్పులా అనడం అంత బాగాలేదు గానీ, ఉన్నమాట.

ఈలోగా వీధి పెరిగింది. ఇంటి చుట్టూ ఖాళీ స్థలాల్లో మేడలు లేచాయి. ఆవం అంటించిన రోజున ఆ మేడల మీద ఆరేసిన తెల్లబట్టలు బూడిద రంగులో కిందికి దిగేవి. మొదట మొహమాటంగా చెప్పారు, తర్వాత గొడవకొచ్చారు, ఆ తర్వాత ఊరి కార్యాలయం మనుషులు వచ్చి పొగ ఆవం కూలగొట్టమన్నారు. తండ్రి అప్పటికే మంచం పట్టాడు. ఇటుకలు కూలే చప్పుడు వింటూ గోడవైపు తిరిగి పడుకున్నాడు. కరెంటు ఆవం ఇంట్లోకి వచ్చేసరికి ఆయన లేడు. ఒకందుకు మంచిదే అయింది. పొగ రాని ఆవాన్ని చూసుంటే ఆ ముసలి ప్రాణం అవమానంతోనే పోయేది.

కరెంటు ఆవం అంటే బీరువా అంత ఇనప పెట్టె. లోపల తెల్లటి ఇటుకలు, ఇటుకల గాడుల్లో చుట్టలు చుట్టలుగా కాయిలు అనే తీగ. స్విచ్చి వేస్తే కాయిలు ఎర్రబడుతుంది, కుండలు కాలతాయి. కట్టె లేదు, బూడిద లేదు. తమ్ముడికి దాన్ని చూస్తేనే ఒళ్ళు జలదరించేది. వాడి చేతిలో మట్టి చెప్పినట్టు వినేది, వాడు తీసినంత చక్కటి కూజాలు చుట్టుపక్కల ఎవరూ తీయలేరు. కానీ కంటికి కనిపించని మంటంటే వాడికి హడలు. వాడి హడలు చూసి అక్కకు ఎక్కడో సంతోషం కలిగింది. ఈ మంట ఎవడబ్బ సొత్తూ కాదు. తండ్రి కొడుక్కి ఇచ్చిపోయిందీ కాదు. ముందు ఎవరు నేర్చుకుంటే వాళ్ళది.

కాయిలు తెగితే, అమ్మిన కంపెనీ ఫిట్టరుకి కబురు పెట్టాలి. అతగాడు తీరిగ్గా వచ్చేవాడు. ఈలోపల సగం కాలిన కుండలు అటు పచ్చివీ కాక, ఇటు కాలినవీ కాక, ఎందుకూ పనికిరాకుండా పోయేవి. వచ్చినవాడు తమ్ముడితో తప్ప మాట్లాడేవాడు కాదు. "ఇది ఎందుకు తెగిందండీ?" అని ఆవిడ అడిగితే, "కరెంటు కదమ్మా, తెగుతుంది" అనేవాడు. నీళ్ళు కదా తడుపుతాయి అన్నంత గొప్ప జవాబు.

ఆవిడ నేరుగా వీధి చివర మోటార్లు చుట్టే ముసలాయన కొట్టుకి వెళ్ళింది. ఇద్దరు మనుషులు పట్టని కొట్టు. గోడకు రాగి తీగ చుట్టలు, నేలంతా కాలిపోయిన మోటార్ల పేగులు, వార్నిషు వాసన. ముసలాయనకు నోరు మంచిది కాదు. అందుకే ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి ఎవరూ నిలవలేదు.

"నాకు కరెంటు పని నేర్పండి" అంది.

ఆయన కళ్ళద్దాల మీదుగా చూశాడు. "చేతులు చూపించు."

చూపించింది. మట్టి పని చేసేవాళ్ళ చేతులు ఎప్పుడూ తడే, గోళ్ళ సందుల్లో బురదే.

"ఈ చేతులతో వైరు ముట్టుకుంటే నేరుగా పైకే పోతావు. పో, తుడుచుకుని రా" అన్నాడు.

అదే మొదటి పాఠం. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం పూట మట్టి పని పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, ఎండలో ఆరబెట్టుకుని, ఇంకోసారి పొడిబట్టతో తుడుచుకుని కొట్టు గడప తొక్కేది. ఆయన తిట్టుకుంటూనే నేర్పాడు. "వోల్టు తోసేది, ఆంపియరు పారేది, ఓము అడ్డుపడేది. ఇంతకు మించి ఏమీ లేదు, మిగిలిందంతా ఈ మూడింటి తగాదా. నీ ఆవం కాయిల్లో అడ్డు ఎక్కువ, అందుకే అది ఎర్రబడాలి. గోడ మీది వైరులో అడ్డు తక్కువ, అందుకే అది చల్లగా ఉండాలి. వైరు వేడెక్కిందంటే నువ్వేదో వెధవ పని చేశావన్నమాట." ఆవం ఎన్ని వాట్లో చూసి, దాన్ని వోల్టులతో భాగించి, ఎంత పారుతుందో లెక్కగట్టి, దాన్ని బట్టి వైరు లావు ఎంచడం నేర్పాడు. పాత స్విచ్చి బోర్డులు ముందు పడేసి విప్పమన్నాడు, మళ్ళీ బిగించమన్నాడు. స్క్రూ కాస్త వదులుగా బిగిస్తే చేతి మీద ఒక్కటి వేసేవాడు. "వదులు స్క్రూ దగ్గర పుట్టే వేడి నీ కాయిలుకన్నా ఎక్కువే. ఆవం కాలి చల్లారినప్పుడల్లా స్క్రూలు సడలుతాయి. ప్రతిసారీ బిగించుకో."

ఒక రోజు పింగాణీ ఫ్యూజు చేతిలో పెట్టాడు. అందులో వెంట్రుకకన్నా కాస్త లావు తీగ. "ఇది చూడు. అందరికన్నా ముందు చావడానికి పెట్టిన తీగ ఇది. ఎక్కడ తేడా వచ్చినా ఇది చస్తుంది, మిగతావి బతుకుతాయి. దీన్ని చావకుండా బతికించాలని చూశావో, ఇల్లు చస్తుంది."

దెబ్బ తినకుండా ఎవరు నేర్చుకున్నారు? ఇంట్లో ఒకసారి ఆవం స్విచ్చి తీసేశాననే ధీమాతో కాయిలు మీద చెయ్యి వేసింది. చేతిలో తడి పూర్తిగా ఆరలేదు. విసిరికొట్టినట్టు వెనక్కి పోయి, ఆరబెట్టిన పూలకుండీల బల్ల మీద పడింది. తమ్ముడు పరుగెత్తుకొచ్చేసరికి లేచి నిలబడి "కాలు జారింది" అంది. మోచెయ్యి అదురుతూనే ఉంది. మర్నాడు కొట్టుకెళ్ళి ముసలాయన చేత తిట్లు తిని, వచ్చి టెస్టరు పెట్టి చూస్తే సంగతి బయటపడింది. కంపెనీ ఫిట్టరు స్విచ్చిని కరెంటు తెచ్చే ఫేజు వైరుకి కాక, తిరిగి పోయే న్యూట్రలు వైరుకి కలిపి పోయాడు. స్విచ్చి తీసినా కాయిల్లో కరెంటు అలాగే కూర్చునుంది. ఇన్నాళ్ళూ ఆ పెట్టె చుట్టూ తిరిగిన ముగ్గురూ చావు పక్కనే మసిలారన్నమాట. ఆవిడే విప్పి సరిచేసింది. ఆ రోజు నుంచే టెస్టరు కొప్పులోకి ఎక్కింది.

తర్వాత కాయిలు తెగినప్పుడు కబురు ఎవరికీ వెళ్ళలేదు. కొత్త తీగ తెచ్చి, ఇనప కడ్డీకి చుట్టి, చుట్టకూ చుట్టకూ మధ్య ఖాళీ సమంగా వచ్చేలా సాగదీసి, గాడిలో కూర్చోబెట్టి, పిన్నులు గుచ్చి తనే బిగించింది. స్విచ్చి వేసి ఆవం ముందు స్టూలు లాక్కుని కూర్చుంది. కన్నంలోంచి మొదట ఏమీ కనబడలేదు. తర్వాత ముదురు ఎరుపు, ఆ తర్వాత నారింజ రంగు. పక్కకు జరగమనేవాళ్ళు లేరు. ఆవిడ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఇంట్లో ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకుంది. నలభై దాటాక దొరికిన సంతోషం, అయినా అది సంతోషమే.

అది అక్కడితో ఆగితే ఈ కథ చెప్పుకోవలసిన పనే లేదు.

కుండలు కొనే వ్యాపారి వచ్చి, ఆవంలోంచి తీసిన కూజాను వేలితో కొట్టి చూసి, తమ్ముడి భుజం తట్టాడు. "మీ నాన్న చెయ్యి పుణికి పుచ్చుకున్నావయ్యా! ఎక్కడా ఒక్క బీట లేదు." తమ్ముడు అమాయకుడు, "కాల్చింది మా అక్కండి" అన్నాడు. "ఆఁ, సాయం చేస్తుందిలే" అన్నాడు వ్యాపారి, తలైనా తిప్పకుండా. పక్క వీధుల్లో కుండలవాళ్ళు ఆవం చెడిపోతే ఆవిడనే పిలిచేవారు. మోకాళ్ళ మీద కూర్చుని ఆవిడ స్క్రూలు బిగిస్తుంటే, వాళ్ళు మాత్రం ఏమైందో తమ్ముణ్ణి అడిగి తెలుసుకునేవారు. వాడు నీళ్ళు నమిలేవాడు.

ఇలాంటివి ఒకటి తర్వాత ఒకటి మనసులో పేరుకుపోయాయి. ఆవిడకు ఒక అనుమానం పట్టుకుంది. ఈ పని తమ్ముడికి తెలిసిన మరుక్షణం ఇది వాడిదైపోతుంది. తను మళ్ళీ ముద్దల దగ్గరికి పోవాలి. అనుమానం తప్పని అనలేం, లోకం తీరు చూసినవాళ్ళెవరూ అనలేరు. కానీ ఆ అనుమానంతో ఆవిడ చేసిన పని ఉందే, అది మాత్రం తప్పు.

ఒక రోజు ఆవిడ ఫ్యూజు తీగ మారుస్తుంటే తమ్ముడు వెనక నిలబడ్డాడు. భయం కాస్త తగ్గినట్టుంది. "అక్కా, అది ఎందుకు పోతుంది? నాకూ చూపించవా?"

"నీకెందుకురా? నువ్వు కుండలు చేసుకో. ఇది నేను చూసుకుంటా" అంది.

తండ్రి మాటే, అక్షరం పొల్లుపోలేదు. అన్న క్షణంలోనే ఆవిడకు తెలిసింది. తెలిసి, నాలిక కరుచుకోలేదు సరికదా, లోపల తియ్యగా ఉన్నట్టనిపించింది. తమ్ముడు మొహం చిన్నబుచ్చుకుని చక్రం దగ్గరికి వెళ్ళిపోయాడు.

మరదల్ని దూరంగా ఉంచడం ఇంకా తేలికైంది. ఆ పిల్లకు దేనికైనా ఎందుకు, ఏమిటి అనే అలవాటు ఉంది. "వదినా, ఎర్ర వైరేంటి? ఆకుపచ్చదేంటి?" అని బోర్డు దగ్గర తచ్చాడేది. "నీ బుర్రకెక్కదులే. ఆ బోర్డు మీద చెయ్యి వేశావంటే బొగ్గైపోతావు" అని జడిపించింది పిన్ని. అంతటితో ఊరుకోలేదు. ఎక్కడో ఎవరో పెద్ద స్విచ్చి పిడి తప్పువైపు లాగి ఇంటితో సహా పేలిపోయారని ఒక కథ కూడా కట్టి చెప్పింది. మరదలు నమ్మింది. ఆ తర్వాత బోర్డు మీది బూజు దులపాలన్నా వదిన ఇంటికొచ్చేవరకు ఆగేది. పిన్ని ఆ బూజు తనే దులుపుకునేది, ఒకలాంటి గర్వంతో.

ఏళ్ళు అలా గడిచాయి. మోటార్ల ముసలాయన పోయాడు, కొట్టు మూతబడింది. ఒక రోజు ఊరి అవతలి నుంచి పిన్నికి పిలుపు వచ్చింది. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు సెలవు రోజుల్లో సరదాకి కుండలు చేయడం నేర్చుకునే హాలు ఒకటి అక్కడుంది. వాళ్ళు కొత్తగా కరెంటు ఆవం కొన్నారట. దాని వైరింగు గురించి అందరికీ అర్థమయ్యేలా వచ్చి చెప్పమన్నారు. తమ్ముణ్ణి కాదు, టెస్టరు పిన్నిగారినే పంపమన్నారు. ఆ "గారు" విని పిన్ని రెండుసార్లు అడిగించుకుంది, తర్వాత అక్కర్లేనట్టు మొహం పెట్టి ఒప్పుకుంది.

ఆ రోజు ఇంట్లో ఆవం నిండా కూజాలున్నాయి. పొద్దున్నే స్విచ్చి వేసింది. వేడి ఎప్పుడెంత ఎక్కాలో మీటరు దానంతటదే చూసుకుంటుంది, సాయంత్రానికి తిరిగొస్తే చాలు. "ఏదీ ముట్టుకోకండి. నేనొచ్చి చూసుకుంటా" అని ఇద్దరికీ చెప్పి బయల్దేరింది. ముట్టుకోవద్దంది గానీ, మధ్యలో ఆరిపోతే ఏం చేయాలో చెప్పలేదు. ఆరిపోతే ఆరిపోనివ్వండి, కూజాలు పోతే పోతాయి అని ఒక్క మాట అనడానికి ఎంతసేపు పడుతుంది?

హాల్లో మెత్తటి కుర్చీలు వేసుకుని జనం కూర్చున్నారు. పిన్ని మొదట తడబడింది, తర్వాత గొంతు తెరుచుకుంది. వోల్టు తోసేది, ఆంపియరు పారేది అంటే రాసుకున్నారు. తడి చేతుల సంగతి చెబితే నవ్వారు. పింగాణీ ఫ్యూజు ఎత్తి చూపించి, "అందరికన్నా ముందు చావడానికి పెట్టిన తీగ ఇది" అంటే చప్పట్లు కొట్టారు. ఇంట్లోవాళ్ళకు చెప్పని పాఠం ఊరివాళ్ళకు అరటిపండు ఒలిచి పెట్టినట్టు చెప్పింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఆవిడకు చాలా బాగుంది. అంత బాగా అంతకుముందు ఎప్పుడూ లేదు, ఆ తర్వాతా లేదు.

వీధి మలుపు తిరిగేసరికి పొగ కనిపించింది. కట్టెల పొగ కాదు. నల్లగా, ప్లాస్టిక్ కంపుతో వస్తోంది. జనం గుమిగూడి ఉన్నారు. స్తంభం మీద లైన్‌మన్ అప్పుడే కరెంటు తీసి దిగుతున్నాడు. ఆవం ఉంచిన షెడ్డు పైకప్పు సగం కూలి ఆ పెట్టె మీద పడింది. కుండల మధ్య సర్దడానికి అటక మీద దాచిన గడ్డంతా బూడిద. బల్లల మీద ఆరుతున్న పచ్చికుండలు మంటలార్పే నీళ్ళకు కరిగి మళ్ళీ బురదైపోయాయి. మరదలు గట్టు మీద కూర్చునుంది. ఎవరో ఆమె ఎడమ చేతి మీద తడిగుడ్డ వేశారు. పచ్చికుండలు బయటికి లాగబోతే, కాలుతున్న వైరు మీది ప్లాస్టిక్ కరిగి మోచేతి నుంచి మణికట్టు దాకా కారిందట. ఆమె ఏడవడం లేదు. పళ్ళు బిగబట్టి వణుకుతోంది.

పిన్ని మరదలి దగ్గరికి పోలేదు. నేరుగా బోర్డు దగ్గరికి పోయింది. గోడ మసిబారింది గానీ పింగాణీ ఫ్యూజు చెక్కుచెదరకుండా ఉంది. లాగింది. అందులో సన్న తీగ లేదు. నాలుగు పేటలు మెలిపెట్టిన లావు రాగి తీగ ఉంది, అది చావలేదు.

"ఎవడు పెట్టాడు ఇది?" అని ఒంటి కాలి మీద లేచింది. పదిమందిలో, తమ్ముడి మొహం ముందు దాన్ని ఆడిస్తూ, "ఎవడు పెట్టమన్నాడ్రా నిన్ను? ముట్టుకోవద్దని చెప్పి చచ్చానా లేదా?"

తమ్ముడి మొహం నిండా మసి. దాచలేదు, తప్పించుకోలేదు. "మధ్యాహ్నం ఆరిపోయిందక్కా. నువ్వు చేస్తుండగా చూశాను కదా, అది లాగి తీగ పెడతావు. అలాగే పెట్టాను. మళ్ళీ పోయింది. ఇంకోసారి పెట్టాను, మళ్ళీ పోయింది. లోపల కూజాలు చల్లారిపోతున్నాయి. నాన్న ఏం చెప్పాడు? ఆవం మధ్యలో చల్లారకూడదనేగా? సన్న కట్టె నిలవకపోతే లావు కట్టె పెట్టమనేగా? అందుకే లావుది పెట్టాను. వెలిగింది. హమ్మయ్య అనుకున్నాను." మసి చేతులతో మొహం తుడుచుకున్నాడు. "తీగ కూడా కట్టెలాంటిదే అనుకున్నానక్కా."

చుట్టూ ఉన్నవాళ్ళు నిట్టూర్చారు. పాపం, తండ్రి మాట జవదాటలేదు అన్నారు ఒకరు. ఇంకెవరో ఆవిడ వైపు చూసి, "అన్నీ తెలిసినదానివి, ఇంట్లోవాళ్ళకు ఒక్క ముక్క చెప్పి పెట్టవద్దా తల్లీ?" అన్నారు. పిన్ని చేతిలో ఫ్యూజు ఇంకా వెచ్చగానే ఉంది. తమ్ముడు ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు. వాడి పిచ్చి మంచితనానికి ఆవిడకు ఒళ్ళు మండిపోయింది.

కూలిన రేకులు తీశాక ఆవం తలుపు తెరిచి చూసింది. కాయిలు ఒకచోట సాగి పక్క చుట్టకు అతుక్కుపోయింది. అడ్డు తగ్గి, కరెంటు ఎక్కువ పారి, ఫ్యూజు తన పని తాను చేసింది. దాన్ని చావనివ్వనందుకు దూలం మీది వైరు కాగి కాగి అంటుకుంది. ముసలాయన చెప్పినట్టే, ఒక్క మెట్టు తప్పలేదు.

"పెట్టె బాగుచేయవచ్చు. కాయిలు నేను చుడతాను, ఇటుకలు మారిస్తే చాలు" అంది కొన్నాళ్ళకు.

"వద్దక్కా" అన్నాడు తమ్ముడు. వాడు ఆవిడకు ఎదురు చెప్పడం అదే మొదలు. "కరెంటు ఆవం ఇంక ఈ ఇంట్లోకి రాదు. పచ్చికుండలు చేసి ఇచ్చేస్తాను, ఆ పెద్ద కార్ఖానావాళ్ళు వాళ్ళ ఆవంలో కాల్చుకుంటారు. మాట్లాడి వచ్చాను."

"నీకన్నీ నేర్పుతానురా. ఫ్యూజు దగ్గర్నుంచి, అన్నీ."

"నాకొద్దు" అన్నాడు. కోపంగా కాదు, అలసిపోయి అన్నాడు. ఇనప పెట్టెను పాతసామాన్లవాడి బండి మీదికి ఎక్కించేటప్పుడు ఒక పక్క వాడే పట్టాడు. రెండో పక్క పిన్ని పట్టింది.

ఇంక మిగిలింది ముద్దల పని. షెడ్డు వెనక నీడలో గోనెపట్టా పరుచుకుని వదినా మరదళ్ళు ఎదురెదురుగా కూర్చుని మట్టి పిసికేవారు. మరదలి ఎడమ చెయ్యి మానింది గానీ చర్మం ముడతలు పడి బిగుసుకుపోయింది. పిసకడానికి కుడి చేతి మీదే ఆనుకునేది. పిన్ని ఆ చేతి వంక చూడకుండా ఉండడం అలవాటు చేసుకుంది. వంటింటి సంగతులు, మట్టిలో రాళ్ళ సంగతులు మాట్లాడుకునేవారు. ఆ రోజు మాట వాళ్ళిద్దరి మధ్య ఎప్పుడూ రాలేదు.

ఒక మధ్యాహ్నం మరదలు ముద్ద పక్కన పెట్టి, వెలిసిపోయిన గోడ మీద బోర్డు ఉండిన చోటు వంక చూస్తూ, మామూలుగా అడిగింది. ఎత్తిపొడుపు లేదు, నిష్ఠూరం లేదు. తెలియక అడిగింది, అంతే.

"వదినా, అక్కడ పెద్ద స్విచ్చి ఉండేది కదా, పక్కన ఇనప పిడితో. ఆ రోజు దూలం అంటుకోగానే నేను దాని ముందుకే వెళ్ళాను. చాలాసేపు నిలబడ్డాను. చెయ్యి దాకా ఎత్తాను. ఎటు లాగాలో తెలియలేదు. తప్పువైపు లాగితే అందరం పేలిపోతాం అన్నావు కదా, అది గుర్తొచ్చి చెయ్యి తీసేశాను." వదిన వైపు తిరిగి, "పైకి లాగాలా, కిందికి లాగాలా?" అంది.

పిన్ని చేతుల్లో ముద్ద ఆగిపోయింది. పై వైపుకు లాగినా పేలేది ఏమీ లేదు. ఆ సంగతి కూడా చెప్పాలి. నోటిదాకా వచ్చింది, చెప్పలేకపోయింది.

"కిందికి" అంది.

"అంతేనా?"

"అంతే."

మరదలు తల ఊపింది. కుడి చేత్తో ముద్ద దగ్గరికి లాక్కుని మళ్ళీ పిసకడం మొదలుపెట్టింది.